ముందు విషపు కాలువ మూయాలి, తర్వాతే బొగ్గు వైద్యం!

చెరువు చెడితే ముందు దెబ్బ తినేదెవరు? ఆయకట్టులో సెంటు భూమి లేకపోయినా నాట్లకూ కలుపులకూ ఆ బురదలో దిగే కూలీలే. గొడ్లు కాసేవాళ్లూ, వల వేసేవాళ్లూ, బట్టలుతికేవాళ్లూ వాళ్ల వెనకే వున్నారు.

పటాన్‌చెరు ప్రాంతంలో జరిగింది యిదే. 1970లలో అక్కడ ఫ్యాక్టరీలు వెలిశాయి. మందుల కంపెనీల మురుగు చెరువుల్లో, నక్కవాగులో పడింది. ఆ వాగు మంజీరాలో కలుస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లమీద తమ పరీక్షలు ప్రకటించారు. ‘శుద్ధి’ చేసిన ఆ నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు తేలింది!

యిలాంటి నీళ్లకు బొగ్గూ, బాక్టీరియా కలిపి వైద్యం చేయవచ్చంటున్నారు. వరి వూకనో, పత్తికట్టెనో గాలి ఆడకుండా కాలిస్తే వచ్చే బొగ్గే బయోచార్. దాని నిండా కంటికి ఆనని రంధ్రాలు. రంగులు, మందులు, లోహాలు వాటికి అంటుకుంటాయి. ఆ రంధ్రాల్లోనే బాక్టీరియా కాపురం పెట్టి మురికిని తింటుంది. చేలో తగలబెట్టే పత్తికట్టె యిలా పనికొస్తే మంచిదే. కాని మూడు సంగతులు మరవరాదు.

ఒకటి: విషం రోజూ పారుతుంటే ఎంత బొగ్గూ చాలదు. రంధ్రాలు నిండితే దాని పని సరి. పైగా బాక్టీరియాను చంపే మందే నీళ్లలో వుంటే, శుద్ధి చేసే బాక్టీరియా మాత్రం బతుకుతుందా? మందుకు లొంగని రకాలే మిగిలి పెరుగుతాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

రెండు: సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఏ బాక్టీరియా అరిగించుకోలేదు. అవి బొగ్గులోనే వుండిపోతాయి. ఆ బొగ్గును ఎరువని చేలకు తోలితే చెరువులోని విషం చేలోకి చేరినట్టే. దాన్ని వట్టి చేతులతో కూలీల చేత ఎత్తించడం మరీ అన్యాయం.

మూడు: ఖర్చెవరిది? రాజస్థాన్‌లోని బిచ్ఛడీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వల్ల బావులు పాడైన కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది: పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి.

కనుక చెరువు శుద్ధి పథకమంటూ ఎవరొచ్చినా గ్రామసభలో నిలబెట్టి అడగండి: విషపు కాలువ మూశారా? వాడిన బొగ్గు ఎక్కడ పోస్తారు? బిల్లు ఎవరికి పంపుతారు? సరైన జవాబు వచ్చాకే పార పట్టండి.