జన్యు నష్టాన్ని ముందే పసిగట్టే పరీక్షలు

పురుగుమందులు, పారిశ్రామిక రసాయనాల వంటివి కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీసి, ఆ నష్టం సరికాకుండా మిగిలిపోతే, ఏళ్ల తరువాత అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు గనుక, జంతువులపై రెండేళ్లపాటు సాగే పరీక్షలకు ముందే ప్రమాదాన్ని పట్టుకునే వేగవంతమైన పద్ధతులు అవసరమయ్యాయి. 1970లలో బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్షలో, హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని బ్యాక్టీరియాను, ఆ పోషకం దాదాపు లేని పళ్లెంలో, అనుమానిత రసాయనంతో కలిపి పెంచుతారు; జన్యువు మారి హిస్టిడిన్‌ను మళ్లీ తయారుచేసుకోగలిగినవే అక్కడ పెరుగుతాయి. రెండు మూడు రోజుల్లో రసాయనం కలపని పళ్లెంలో కన్నా బాగా ఎక్కువ బ్యాక్టీరియా చుక్కలు మొలిస్తే, ఆ రసాయనం జన్యువులను మారుస్తోందని అర్థం.

మనుషుల డీఎన్‌ఏలో నష్టాన్ని చూపే పరీక్షల్లో ‘కామెట్’ ఒకటి. రక్తకణాలను గాజు పలకపై జెల్‌లో పొదిగి, వాటి పొరలను కరిగించి, విద్యుత్తు పంపితే, తెగిన డీఎన్‌ఏ ముందుకు జారి సూక్ష్మదర్శినిలో తోకచుక్కలా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పురుగుమందుల తయారీలో పనిచేసే 54 మంది కార్మికుల కణాల్లో ఈ తోకలు ఇతరులలో కన్నా పొడవుగా ఉన్నాయి.

ఈ ఫలితం ఒక వ్యక్తికి జబ్బు వస్తుందని తేల్చి చెప్పదు; అయితే చిన్న మంగళారం గ్రామం సహా హైదరాబాద్ సమీపంలోని చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో కూరగాయలకు, పూలతోటలకు మందు కొట్టే రైతులకూ కూలీలకూ చేతితొడుగులు, ముఖానికి మాస్కు ఎంత అవసరమో, జబ్బు రాకముందే హెచ్చరించే ఇలాంటి పరీక్షలు వారికి అందుబాటులోకి రావడం అంతే అవసరం.