ఎక్స్‌రే గది గోడలో ఒక చిల్లు

మా అక్క ఓ చిన్న నర్సింగ్ హోమ్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్. ఇప్పుడు ఐదో నెల. పోయిన సెలవుల్లో క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, సివిల్ బుద్ధి పోనిచ్చుకోక గోడ మందం చూశాను.

"ఒరేయ్, అన్నం తెచ్చావా, కొలతలకి వచ్చావా?" అంది.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. బాగానే ఉంది. కానీ కేబుల్ కోసం నడుము ఎత్తులో, అటు నుంచి ఇటు తిన్నగా ఓ చిల్లు కొట్టి, చుట్టూ థర్మాకోల్ కుక్కి పుట్టీ పూసేశారు. దానికి ఇవతలే అక్క కుర్చీ!

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఎక్స్‌రే తీశాక గదిలో రేడియేషన్ మిగిలిపోదు. ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు వేగంగా వెళ్లి టంగ్‌స్టన్‌ని గుద్దుకున్నంతసేపే ఆ కిరణాలు పుడతాయి. స్విచ్ వదిలితే, లైటు ఆర్పినట్టే. భయపడాల్సింది ఆ క్షణం గురించే. అప్పుడు కూడా అన్ని కిరణాలూ తిన్నగా పోవు. పైపు నీళ్లు బండ మీద పడితే నలువైపులా చిందినట్టు, పేషెంట్ ఒంటికి తగిలి కొన్ని చెదిరిపోతాయి. టెక్నీషియన్‌కి రోజూ తగిలే ప్రమాదం ఈ చిందులదే. దూరం రెట్టింపైతే వాటి తీవ్రత దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. చిన్న గదుల్లో ఆ దూరమే ఉండదు, అందుకే గోడ మీద అంత భారం.

సీసమే కావాలని లేదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ సుమారు 2 మిల్లీమీటర్ల సీసం చేసే పని చేస్తుంది. తలుపుని ఇటుకతో కట్టలేం కాబట్టి దానికి సీసం రేకు. రేకు ఎంత మంచిదైనా ఫ్రేము దగ్గర సందు ఉంటే లాభం లేదు. కిటికీ పెడితే బయట నడిచేవాళ్ల తలకన్నా పైన పెట్టాలి.

అక్క ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. అది కాపాడుతుందని అమ్మ నమ్మకం. అది కాపాడదు, లెక్క రాసుకుంటుందంతే. మూడు నెలలకోసారి చదివించాక గానీ ఎంత తగిలిందో తెలియదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్లకి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం సంగతి చెప్పాక, కడుపులో బిడ్డకి మిగతా నెలలన్నిటికీ కలిపి 1 మాత్రమే. అక్క అప్పటికింకా చెప్పలేదు, డ్యూటీ తీసేస్తారేమోనని.

ఆ సాయంత్రమే ఇద్దరం డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. చిల్లు మాట నేను చెప్పాను, కడుపు మాట అక్క చెప్పింది. ఆయన ముందు నవ్వి, తర్వాత లేచొచ్చి గోడ చూశారు. వారం తిరగకుండా చిల్లుకన్నా బాగా వెడల్పైన సీసం రేకు బిగించారు, కేబుల్‌ని వంపు తిప్పి తెచ్చారు, రేడియేషన్ కొలిచే మనిషిని పిలిపించారు. అక్క ఇప్పుడు రిపోర్టుల కౌంటర్లో కూర్చుంటోంది.

తలుపు కింద సందు మాత్రం ఇంకా అలాగే ఉంది. ఈ ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాలి.