ఉప్పు కరిగినట్టు సోడా కరగదు

ఉప్పు అనగానే మనకి వంటింటి ఉప్పే గుర్తొస్తుంది. రసాయన శాస్త్రంలో మాత్రం బట్టల సోడా కూడా ఒక లవణమే. దాని పేరు సోడియం కార్బొనేట్. చవుడు నేలల మీద తెల్లగా పేరుకునే పొడిలోనూ ఇది ఉంటుంది. మా నానమ్మ ఆ మట్టిని చవుడు అంటుంది, అమ్మ తమిళంలో ఉవర్‌మణ్ అంటుంది. సబ్బులు రాకముందు బట్టలు ఉతకడానికి ఈ మట్టినే వాడేవారు.

100 మి.లీ. నీళ్లలో వంటుప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. నీళ్లు మరిగించినా 39 దాకానే. సోడా అలా కాదు. పొడి సోడా లెక్కలో 0 డిగ్రీల దగ్గర 7 గ్రాములే, 20 దగ్గర సుమారు 21, 35 దగ్గర 50కి కాస్త తక్కువ. ఆపైన ఎంత వేడి చేసినా పెరగదు, కొంచెం తగ్గుతుంది కూడా. అందుకే సోడా కరగడానికి గోరువెచ్చని నీళ్లు చాలు.

మరి బోరు నీళ్లలో సబ్బు ఎందుకు నురగ రాదు? ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. అవి సబ్బుని విరిచేస్తాయి. సోడా వేస్తే అందులోని కార్బొనేట్ కాల్షియంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఇది నీళ్లలో దాదాపు కరగదు, తెల్లగా అడుగుకి దిగిపోతుంది. అంటే బాగా కరిగే లవణం వేసి, కరగని లవణాన్ని బయటికి రప్పిస్తున్నాం అన్నమాట!

కాబట్టి హాస్టల్‌లో ఉండేవాళ్లు ముందు సోడా వెయ్యండి, కాసేపాగి సబ్బు పెట్టండి. సబ్బు తక్కువ పడుతుంది. పట్టు, ఉన్ని బట్టలకి మాత్రం సోడా వద్దు. చేతులు కూడా బాగా కడుక్కోండి.