డ్రిల్లు కొనే ముందు బ్యాటరీ ధర అడగండి

ఈసారి గ్రూపులో పురుగు కన్నా, ఆకు కన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఒకటుంది: "బ్యాటరీ డ్రిల్లు ఏ కంపెనీది తీసుకోవాలె?" మాకు తగిలిన దెబ్బ ముందు చెప్తాం, తర్వాత కంపెనీల మాట.

పోయిన వానాకాలం పంట. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. స్టాండు రెండో అంతస్తు యాంగిల్ బోల్టు దగ్గర చీలి, బెడ్డు ఒక పక్కకు వాలింది. కొత్త యాంగిల్‌కు నాలుగు రంధ్రాలు వేస్తే పని అయిపోయేది. చేను కరెంటు ఆ వారం రాత్రి పాళీ, కాబట్టి వైరు డ్రిల్లు పనికిరాలేదు. మా దగ్గరున్న చవక బ్యాటరీ డ్రిల్లు ఒక్క రంధ్రం వేసి ఆగింది. బ్యాటరీ పోయింది. కొన్న దుకాణానికి పరుగెత్తితే, "విడి బ్యాటరీ రాదు, సెట్టే కొనాలె" అన్నారు. పురుగులను కింద టార్పాలిన్ మీదికి దింపి, చుట్టూ సున్నం గీసి చీమలను ఆపుకుంటూ రెండు రోజులు తిప్పలు పడ్డాం. మొత్తం పంటలో పురుగు తినే ఆకులో 80 శాతం పైగా ఈ ఐదో దశలోనే తింటుందని మీకు తెలుసు. ఆ బెడ్డు గూళ్ళు పలచగా వచ్చినయి, జాల్నా మార్కెట్‌లో ఆ లాటుకు రేటు తగ్గింది. డ్రిల్లు మీద మిగిల్చుకున్న డబ్బు అక్కడే పోయింది.

అందుకే మేం చెప్పేది ఒకటే. డ్రిల్లు కొంటున్నాం అనుకోవద్దు, బ్యాటరీ కొంటున్నాం అనుకోండి. మోటారు ఏళ్ళకు ఏళ్ళు నడుస్తది, ముందు పోయేది బ్యాటరీ. నాందేడ్‌లో గానీ, దెగ్లూరు, బిలోలి వైపు వాళ్ళయితే నిజామాబాద్‌లో గానీ, విడి బ్యాటరీ చేతికి దొరికే కంపెనీయే మనకు మంచి కంపెనీ. దుకాణంలో మొదట విడి బ్యాటరీ ధర అడగండి. తర్వాత సర్వీసు సెంటర్ ఎక్కడ, బ్యాటరీకి వారంటీ ఎన్ని నెలలు అని అడగండి. మిషన్ వారంటీ వేరు, బ్యాటరీ వారంటీ వేరు. జీఎస్టీ బిల్లు లేకుండా ఏ వారంటీనీ నమ్మొద్దు.

ఇక వోల్టుల సంగతి. ఇందులో మోసం ఎక్కువ. లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు, ఐదు వరుసగా పెడితే 18. నిండా చార్జ్ అయినప్పుడు సెల్లు 4 వోల్టులు దాటుతది, అప్పుడు ఐదింటికి 20, 21 వస్తది. కాబట్టి డీవాల్ట్ డబ్బా మీద 20 అని, మకిటా మీద 18 అని ఉన్నా ఆ రెండూ ఒకటే తరగతి. సంతలో దొరికే సెట్ల మీద 48, 88 అని పెద్ద అంకెలు ఉంటయి. బ్యాటరీ తీసి చేతిలో తూచి చూడండి, అన్ని సెల్లులు పట్టే సైజే ఉండదు. వోల్టును యాంపియర్ అవర్‌తో గుణిస్తే ఎంత సరుకుందో తెలుస్తది: 18 వోల్టులు, 2 ఏహెచ్ అంటే 36 వాట్ అవర్లు. 12 వోల్టులు, 1.5 ఏహెచ్ అంటే 18, అంటే సగమే.

ఒకే కంపెనీ అయినా అన్ని బ్యాటరీలు అన్నింటికీ పట్టవు. బాష్‌లో ఆకుపచ్చ మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ నీలం మిషన్లకు కూర్చోదు. మకిటాలో జీ సిరీస్ బ్యాటరీ ఎల్ఎక్స్‌టీ మిషన్‌కు పట్టదు. స్టాన్లీ, డీవాల్ట్ రెండూ ఒకే యజమాని కంపెనీవే అయినా, దీని బ్యాటరీ దానికి వస్తదని ఊహించుకోవద్దు, పెట్టి చూడండి. రేపు కొమ్మలు కోసే బ్యాటరీ కత్తెర కొనే ఆలోచన ఉంటే, అదే బ్యాటరీతో నడిచేది ఆ వరసలో ఉందా అని ఇప్పుడే చూసుకోవడం మంచిది.

నెట్టుకు ఫ్రేము, ఉజీ ఈగ రాకుండా జాలి తలుపు, వెదురు పనికి 12 వోల్టులది సరిపోతది, చేతికి తేలిక. యాంగిల్‌కు రంధ్రాలు, రేకుకు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు అంటే 18 కావాలి. సిమెంటు పిల్లర్‌కు మాత్రం ఏ చిన్న డ్రిల్లునూ వాడొద్దు, రోటరీ హ్యామర్ ఒక పూట కిరాయికి తెచ్చుకోండి. దాని కోసం డ్రిల్లులో హ్యామర్ ఉందని అదనంగా డబ్బు పెట్టడం దండగ అని మా అభిప్రాయం.

మన ఎండ మాట కూడా. మే నెలలో రేకుల కింద బ్యాటరీ చార్జ్ పెట్టకండి. చాలా కంపెనీల పుస్తకాల్లో 40 డిగ్రీల లోపే చార్జ్ చేయమని ఉంటది, నాందేడ్ ఎండ ఆ అంకె దాటుతది. ఇంట్లో, రాత్రి పెట్టండి. షెడ్డులో బ్లీచింగ్, ఫార్మాలిన్ కొట్టే రోజు డ్రిల్లును బయటికి తీసుకుపోండి, లేకపోతే చక్ తుప్పు పడతది. పంటకూ పంటకూ మధ్య ఎక్కువ రోజులు ఖాళీ ఉంటే బ్యాటరీని సగం చార్జ్‌లో పెట్టి దాచండి, ఖాళీగా వదలొద్దు.

మీ ఊరికి దగ్గర్లో ఏ కంపెనీ బ్యాటరీ విడిగా, ఎంతకు దొరికిందో గ్రూపులో రాయండి. వచ్చే పంట గుడ్లు తెచ్చే లోపు అవన్నీ ఒక జాబితాగా పంపుతాం.