అద్దె ఇంటి కిటికీలో సీసం

అమెరికాలోని పాత ఇళ్లలో సీసం గురించి ముందు అనుమానించాల్సింది గోడను కాదు, కిటికీని. పైకీ కిందికీ జరిపే చెక్క కిటికీలవి. జరిపినప్పుడల్లా రెక్క చట్రానికి ఒరుసుకుని, అడుగు పొరల్లోని సీసం కలిసిన పాత రంగు పొడిగా రాలుతుంది. పైన ఎన్ని కొత్త కోట్లు వేసినా ఆ రాపిడి ఆగదు. పాకే పిల్లల అరచేతులకు ఆ పొడి అంటుకుంటుంది, అక్కడి నుంచి నోట్లోకి పోతుంది. రంగు పెచ్చులు తింటేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. కంటికి ఆనని ఈ దుమ్ము చాలు, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయడానికి.

ఆ దుమ్మును పట్టుకునే పద్ధతి చాలా సాదా. అడుగు పొడవు, అడుగు వెడల్పు నేలను తడి వైప్‌తో తుడిచి ల్యాబుకు పంపుతారు. సీసం చదరపు అడుగుకు 40 మైక్రోగ్రాములకు చేరితే ప్రమాదమని అమెరికాలో 2001లో హద్దు పెట్టారు. 2019లో దాన్ని 10కి దించారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు!

గోడ మీది రంగును గీకకుండానే చూసే పరికరమూ ఉంది. అది పంపే ఎక్స్-రే కిరణాలు పొరల్లోకి వెళ్లి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల సీసం ఉందో క్షణాల్లో చెబుతాయి. 1 మిల్లీగ్రాము ఉంటే చాలు, అమెరికా చట్టం లెక్కలో అది సీసపు రంగే.

వరండా కమ్మీల రంగు పిల్లలకు విషమవుతోందని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లోనే రాశారు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని అమెరికా దేశమంతటా నిషేధించింది 1978లో. మధ్యలో డెబ్బై నాలుగేళ్లు! ఆ జాప్యానికి మూల్యం చెల్లించింది పిల్లలే.

1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, సీసం గురించి తనకు తెలిసింది యజమాని చెప్పాలి, ఒక కరపుస్తకం కూడా ఇవ్వాలి. అయితే పరీక్ష చేయించి తెలుసుకోవాలని ఆ కేంద్ర నియమం అడగదు. దాంతో చాలా ఊళ్లలో బిడ్డ రక్తపరీక్షలో సీసం బయటపడ్డాకే ఇంటిని వెతికేవారు. బిడ్డను పరికరంగా వాడుకోవడమే కదా ఇది! న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరం 2005లో ఈ వరస మార్చింది: అద్దె ఇళ్ల మామూలు తనిఖీలోనే సీసాన్నీ చేర్చింది.

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ 2021లో చట్టం చేసింది. దాని పరిధిలోకి వచ్చే పాత అద్దె ఇళ్లకు మొదటి తనిఖీ గడువు 2024 జులై 22తో ముగిసింది. పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడిన ఊళ్లలో దుమ్ము పరీక్ష తప్పనిసరి, మిగతా చోట్ల కంటితో చూస్తే చాలు. ఈ రెండో వెసులుబాటు నాకు నచ్చలేదు. కంటికి కనబడనిదే కదా అసలు ప్రమాదం. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో పాత ఇల్లు తీసుకుంటుంటే, సంతకానికి ముందే సీసం తనిఖీ సర్టిఫికెట్ చూపించమని అడగండి.

మన దేశంలో 90 పీపీఎంకి మించి సీసమున్న ఇంటి రంగుల తయారీని 2017 నవంబరు 1 నుంచి నిషేధించారు. అంతకు ముందే గోడలకెక్కిన రంగు జోలికి ఆ నియమం పోదు. పాత ఇంటికి రంగు వేయించేటప్పుడు పొడి గోడను ఎమరీ పేపర్‌తో రుద్దనివ్వకండి. తడిపి రుద్దించండి, పని అయ్యేదాకా పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదుల్లోకి రానివ్వకండి.