కీసరగుట్ట చెట్ల కింద ఒక పొద్దున

కీసరగుట్టకు జనం ఎక్కువగా శివరాత్రి జాతరకే వెళ్తారు. మేము నాచారం నుంచి జాతర లేని ఆదివారాలు చూసుకుని, చెట్ల కోసం పోతాం. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, చిన్నోడికి నడకంటే విసుగు. అయినా ఇద్దరూ ఇక్కడ హాయిగా నడుస్తారు.

గుట్ట చుట్టూ ఉన్న రిజర్వ్ ఫారెస్టు 2,000 ఎకరాలకు పైమాటే. దట్టమైన అడవి కాదు. మోదుగ, సీతాఫలం, వేప, మధ్యలో గుండ్రాళ్లు. ఈ దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని చెప్పగానే చిన్నోడు ఒక బండను తట్టి చూశాడు. శివరాత్రి నాటికి మోదుగ ఆకులు రాల్చి, ఎర్రగా పూస్తుంది. తేనె కోసం వచ్చే పక్షులే దాని పుప్పొడిని మోసుకెళ్తాయి.

గుడి చుట్టూ ఆరుబయట శివలింగాలు కనిపిస్తాయి. కాశీ నుంచి తెచ్చేసరికి ఆలస్యమైందని అలిగిన హనుమంతుడు విసిరేసినవని అత్తమ్మ కథ చెబుతుంది. ఇక చరిత్ర: 5వ శతాబ్దం ప్రాంతంలో విష్ణుకుండినులు ఇక్కడ కోట కట్టారు. తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక గోడలు పిల్లలకు చూపించవచ్చు, ఎక్కనివ్వకండి. ఒక బండపై రాళ్లు చెక్కిన పనివాళ్లను పేర్కొనే పొట్టి శాసనమూ ఉంది. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు రాతల్లో అదొకటి.

ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఈసీఐఎల్ మీదుగా రావచ్చు. ఎండ ముదరకముందే చేరండి. నీళ్లు వెంట ఉంచుకోండి. తినుబండారాలు మాత్రం కోతుల కంటపడనివ్వకండి!