మీట నొక్కితే పడేదేమిటి?

అద్దాల తలుపు వెనక వరుసగా తీగచుట్టలు. డబ్బు కట్టి నంబరు నొక్కితే ఒక చుట్ట తిరుగుతుంది, ముందున్న ప్యాకెట్ దబ్బున కింద పడుతుంది. వెండింగ్ మెషీన్లో ఏం అమ్మాలో చాలావరకు నిర్ణయించేది ఈ పడటమే. గాలి నింపిన చిప్స్ ప్యాకెట్ ఎంత ఎత్తు నుంచి పడినా దానికేం కాదు. అరటిపండు కమిలిపోతుంది. పైగా చిప్స్ నెలల తరబడి నిల్వ ఉంటాయి, ఫ్రిజ్ అక్కర్లేదు, సరుకు నింపే మనిషి వారానికోసారి వచ్చినా సరిపోతుంది. కోసిన పండ్లు పెడితే అతను రోజూ రావాలి, మిగిలినవి పారబోయాలి. కొన్నిచోట్ల కూల్‌డ్రింకుల కంపెనీయే తన బొమ్మ వేసిన యంత్రాన్ని తెచ్చిపెట్టి, అమ్మకాల్లో భవనానికి వాటా ఇస్తుంది. ‘జనం అడిగేది అదే కదా’ అనే సమాధానం ఈ లెక్కలన్నీ కుదిరాక వినిపించేదే.

ఆ సమాధానంలో నిజమెంతో అమెరికాలోని మిన్నెసోటాలో పరీక్షించి చూశారు. 12 కార్యాలయాలు, 12 హైస్కూళ్లలోని 55 యంత్రాల్లో కొవ్వు తక్కువున్న చిరుతిళ్ల ధర తగ్గించారు. 2001లో వెలువడిన ఫలితాల ప్రకారం ధర 10 శాతం తగ్గిస్తే వాటి అమ్మకాలు 9 శాతం పెరిగాయి. 25 శాతం తగ్గిస్తే 39, సగానికి సగం కోస్తే 93 శాతం. అయినా యంత్రంపై వచ్చే సగటు లాభం తగ్గలేదు. అతికించిన ప్రచార కాగితాలతో వచ్చిన తేడా మాత్రం స్వల్పం. షికాగో పార్కుల సంస్థ ఏకంగా తన యంత్రాల్లోని చిరుతిళ్లన్నిటినీ తీసేసి ఆరోగ్యకరమైనవి పెట్టింది. 15 నెలల్లో ఒక్కో యంత్రం నెలసరి అమ్మకం 84 డాలర్ల నుంచి 371 డాలర్లకు చేరింది. ఏ కొత్త ఏర్పాటుకైనా మొదటి నెలలు మందకొడిగానే ఉంటాయి కాబట్టి ఈ పెరుగుదలంతా మంచి తిండి మహిమే అనలేం. దివాలా తీయలేదన్నది మాత్రం ఖాయం.

అదే నగరంలో రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్స్ లాంటివి ఎంచుకుంటే 25 సెకన్లు ఆగి పడేసే యంత్రం తయారుచేశారు. ఆరోగ్యకరమైన వాటి వాటా కొద్ది శాతం పెరిగింది. లిఫ్టు ముందు నిలబడటం అలవాటైన వాళ్లకు 25 సెకన్లు ఒక లెక్కా!

ఇందులో మనం మామూలుగా తలచుకోని మనుషులూ ఉన్నారు. అమెరికా ఫెడరల్ భవనాల్లో దుకాణాలు నడిపే అవకాశం చూపులేనివారికి దక్కేలా 1936లోనే రాండాల్ఫ్-షెపర్డ్ చట్టం చేశారు. యంత్రాల రాబడిలోనూ వాళ్లకు హక్కుంది. అక్కడ చిప్స్ తీసేయమంటే ఒకరి జీవనోపాధి మీద చెయ్యి వేసినట్టే. పాడైన సరుకు నష్టం ఎవరు భరించాలో చెప్పకుండా ఆరోగ్య నియమం పెట్టడం అన్యాయం.

హైదరాబాద్ ఆఫీసుల్లో యంత్రం అంటే ముందు గుర్తొచ్చేది టీ, కాఫీలదే. మామూలుగా దొరికే ప్రీమిక్స్ పొడిలో పాలపొడితోపాటు చక్కెర ముందే కలిసి ఉంటుంది. ఇక ఏ మీట నొక్కినా తీపి తగ్గదు. ఇక్కడి ఐటీ ఉద్యోగులపై 2025లో వెలువడిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. నేరమంతా టీ మీద వేయలేం. కుర్చీకి అతుక్కున్న గంటలున్నాయి, చెడిన నిద్ర ఉంది. కానీ మూడు పూటలా ఉచితంగా దొరికే ఆ తీపిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

కార్యాలయాల్లో నూనె, చక్కెర మోతాదులు చెప్పే బోర్డులు పెట్టమని కేంద్ర ఆరోగ్యశాఖ 2025లో సూచించింది. సమోసా, జిలేబీల మీద హెచ్చరికలట అని పెద్ద గోల రేగింది, అది నిజం కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకుంది. మిన్నెసోటా కాగితాల అనుభవం చూస్తే బోర్డుల మీద నాకు పెద్దగా ఆశ లేదు. చక్కెర లేని ప్రీమిక్స్ తెప్పించి పక్కన చక్కెర పొట్లాలు పెడితే చాలు, కావలసినవాళ్లు కలుపుకుంటారు.

తినేవాటి సంగతికొస్తే, తీగచుట్ట పెట్టే పరీక్షలన్నీ నెగ్గే సరుకు మనకు కొత్తగా కనిపెట్టే పని లేదు. వేయించిన శనగలు, ఉప్పు తక్కువ వేసిన పల్లీలు ఎంత ఎత్తు నుంచి పడినా చెక్కుచెదరవు, బాగా సీలు చేస్తే నెలలు నిలుస్తాయి, ఫ్రిజ్ అడగవు. మజ్జిగ కూడా నెలల నిల్వ ఉండే అట్టపెట్టెల్లో వస్తోంది. కళ్లెదుటి వరుస వీటికివ్వాలని, వీటి ధర చిప్స్ కంటే తక్కువుండాలని యంత్రం ఒప్పందంలోనే రాయించాలి. అందుకు బదులుగా భవనానికి వచ్చే వాటాలో కొంత వదులుకోమని సరఫరాదారు యజమానిని అడగొచ్చు. బేరం అక్కడ మొదలవుతుంది.